ముగ్గురాయి ప్లాంటు తొలి ప్రారంభం: రాయి వేసే ముందు నీళ్ళతో ఎన్ని రోజులు నడపాలి?

కోడూరు_మెటలర్జీ | మే 3, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నేను మెటలర్జీ పూర్తి చేసి నాలుగేళ్ళయింది. ఇంతవరకూ నడుస్తున్న ప్లాంట్లలోనే షిఫ్టు ఇంజనీరుగా పనిచేశాను. కొత్త ప్లాంటును మొదటి రోజు నుంచి నడిపించే బాధ్యత ఇదే మొదటిసారి.

మాది మంగంపేటకు దగ్గరలో కడుతున్న చిన్న ప్లాంటు. సామర్థ్యం గంటకు 25 టన్నులు. నాసిరకం అని పక్కన పోసిన ముగ్గురాయిని (బెరైటీస్) తెచ్చి, నలగగొట్టి, ఇనుప గుండ్లు తిరిగే బాల్ మిల్లులో నీళ్ళతో నూరి, ఫ్లోటేషన్‌తో, అంటే నురుగు మీద తేల్చి, శుద్ధి చేసి 4.2 సాంద్రత ఉన్న సరుకు తీయాలి. చమురు బావులు తవ్వేవారు అడిగే అంకె అదే కాబట్టి ఈ చుట్టుపక్కల టీ కొట్టు దగ్గర కూడా 4.2 అంటే ఏమిటో అందరికీ తెలుసు.

క్రషర్, బెల్టులు బిగించడం అయిపోయింది. మిల్లులో లైనర్లు (లోపలి గోడ అరగకుండా బిగించే పలకలు) వేశారు. ఫ్లోటేషన్ సెల్స్ (నురుగు తేలే తొట్లు) నిలబెట్టారు. పైపుల పని ఇంకా ఐదో వంతు మిగిలింది. కరెంటు మే 10న వస్తుందంటున్నారు. యజమాని మే 22 ఉదయానికి ముహూర్తం పెట్టించారు. బంధువులు, బ్యాంకు వారు వస్తారు. ఆ రోజు వారి కళ్ళ ముందు సరుకు బయటికి రావాలన్నది ఆయన కోరిక. బిగింపు కాంట్రాక్టరు మాత్రం, నీళ్ళతో ఒక పూట తిప్పితే చాలు, రాయి పడ్డాక అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని ధైర్యం చెబుతున్నాడు.

నాకు ఆ ధైర్యం రావడం లేదు. నిన్న సాయంత్రం టార్చిలైటు పట్టుకుని సైక్లోన్ (ముతక, సన్న పొడిని వేరుచేసే పరికరం) పంపు సంపులోకి దిగాను. అడుగున వెల్డరు చేతి తొడుగు ఒకటి, గుప్పెడు వెల్డింగ్ కడ్డీ ముక్కలు, తడిసి ముద్దయిన సిమెంటు సంచి, ఒక చెక్క ముక్క కనిపించాయి. సంపు శుభ్రం చేశామని రాసి సంతకం పెట్టిన కాగితం అప్పటికే నా బల్ల మీద ఉంది.

ఇంకో విషయం. ఆపరేటర్లుగా తీసుకున్న 18 మందిలో 14 మంది ఇక్కడి పొడి మిల్లుల్లో పదేళ్ళు, ఇరవై ఏళ్ళు చేసినవారు. పని మీద శ్రద్ధ ఉన్నవారే, కానీ స్లర్రీ (రాయి పొడి కలిసిన నీళ్ళు) ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.

నీళ్ళతో ఎన్ని రోజులు నడపాలి? ఏది ముందు, ఏది వెనుక? ముహూర్తం విషయం యజమానికి ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాత_మిల్లు | మే 4, ఉదయం 6:05

అమ్మా, మీరు స్వయంగా సంపులోకి దిగి చూశారు, అది చాలా మంచి పని. ఆ సంతకం పెట్టిన కాగితాన్ని చించి, కొత్తది రాయించండి. ఇక మీదట ప్రతి సంపు, ప్రతి చూట్, ప్రతి ట్యాంకు మీ కళ్ళతో చూశాకే మూత వేయించండి.

నేను ఈ పని మొదట నేర్చుకున్నది అగ్నిగుండాల దగ్గర బండ్లమోటు సీసపు మిల్లులో. తర్వాత రాజస్థాన్, ఒడిశా, జాంబియా తిరిగాను. ఏడు ప్లాంట్లలో తొలి రాయి పడే రోజున మిల్లు పక్కనే ఉన్నాను. ఆ ఏడింటిలో రెండుచోట్ల నీళ్ళ పరీక్ష కుదించారు. ఆ రెండింటి గురించి ఇప్పటికీ మనసు బాధపడుతుంది.

మీకు నా లెక్క: నీళ్ళతో కనీసం ఏడు రోజులు. అందులో చివరి 48 గంటలు ఎక్కడా ఆగకుండా, ఒక్క ట్రిప్ కూడా లేకుండా నడవాలి. 47వ గంటలో ఒక పంపు ఆగితే మళ్ళీ ఒకటో గంట నుంచి లెక్క పెట్టండి. అందరూ విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మీ రాయి గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. మామూలు రాయి సాంద్రత 2.7. శుద్ధ ముగ్గురాయిది 4.5. మీరు తెచ్చే నాసిరకం కూడా 3.5 దగ్గర ఉంటుంది. అంత బరువైన రాయి కలిసిన స్లర్రీ పైపులో కాసేపు నిలిస్తే చాలు, అడుగున ఇసుక దిమ్మలా బిగిసిపోతుంది. నీళ్ళు నింపిన రోజుల్లో ఒక వాల్వు తిరగబడిందని తెలిస్తే డ్రెయిన్ తిప్పి, బోల్టులు విప్పి, గంటలో సరిచేస్తారు. అదే తప్పు రాయి వేశాక బయటపడితే పైపును ముక్కలుగా కోసి, గునపంతో పొడిచి తీయాలి. అది ఎండాకాలంలో, రేకుల షెడ్డు కింద చేయించి చూశాను. నలభై నాలుగు డిగ్రీల్లో ఆరుగురు మనుషులు రెండు రోజులు కష్టపడ్డారు. వారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

వరుస విషయానికి వస్తే, తోక నుంచి తల వైపు రండి. ముందు మడ్డి పారే చెరువు, అక్కడి నుంచి నీళ్ళు వెనక్కి తెచ్చే పంపు. తర్వాత థిక్కెనర్ (పొడి అడుగుకు దిగి, నీళ్ళు పైన తేరే పెద్ద ట్యాంకు), తర్వాత సెల్స్, తర్వాత సైక్లోన్, తర్వాత మిల్లు. క్రషర్ ఆఖరున. కాంట్రాక్టర్లు ఎప్పుడూ క్రషర్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే చప్పుడు చేస్తుంది, చూసేవారికి పని అయినట్టు కనిపిస్తుంది. మిల్లులోంచి వచ్చినది పోవడానికి కింద దారి సిద్ధంగా లేకపోతే పైన ఎంత నలగగొట్టినా దండగే.

స్లర్రీ పంపులకు గ్లాండు నీళ్ళు (షాఫ్టు చుట్టూ ఉండే ప్యాకింగులోకి వదిలే నీళ్ళు) ముందు, పంపు తర్వాత. ఆపేటప్పుడు పంపు ముందు, గ్లాండు నీళ్ళు ఆఖరున. ఆ నీళ్ళ ఒత్తిడి పంపు డిశ్చార్జి ఒత్తిడి కంటే కొంచెం ఎక్కువే ఉండాలి, లేకపోతే రాయి పొడి ప్యాకింగులోకి దూరి షాఫ్టు స్లీవును నాలుగు రోజుల్లో కోసేస్తుంది. దీన్ని ప్రతి పంపు పక్కనా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి పెట్టండి.

ఇక మిల్లు. మీ మిల్లు కొలతలు మీరు చెప్పలేదు. గంటకు 25 టన్నులంటే లోపలి వ్యాసం 2.4 మీటర్లు, పొడవు 3.6 మీటర్లు ఉంటుందనుకుని చెబుతున్నాను. 42.3ను వ్యాసం వర్గమూలంతో భాగిస్తే క్రిటికల్ వేగం (గుండ్లు కిందపడకుండా గోడకే అంటుకుని తిరిగే వేగం) నిమిషానికి 27 చుట్లకు కాస్త పైన వస్తుంది. మీ మిల్లు దాంట్లో 70 నుంచి 75 శాతం మధ్య తిరగాలి. అంటే సుమారు 20 చుట్లు. గడియారం పట్టుకుని మీరే లెక్కపెట్టండి. గేరుబాక్సు మీద రాసినదాన్ని నమ్మకండి.

ముందు గుండ్లు లేకుండా ఒట్టి మిల్లును ఎనిమిది గంటలు తిప్పండి. ప్రతి పావుగంటకు రెండు వైపులా ట్రనియన్ బేరింగుల (మిల్లు బరువు మోసే బేరింగుల) వేడి రాయించండి. అంకె ఎక్కడో ఒకచోట నిలబడాలి, ఎక్కుతూ పోకూడదు. పినియన్ (మిల్లును తిప్పే చిన్న గేరు) పళ్ళ మీద వేడిని మూడు చోట్ల చూడండి: ఈ చివర, మధ్య, ఆ చివర. తేడా 8 డిగ్రీలు దాటితే ఆపి అలైన్‌మెంటు మళ్ళీ చూడమనండి. తర్వాత గుండ్లు. మొత్తం 24 టన్నుల దాకా పడతాయి. మొదటిసారి ఎనిమిది టన్నులు మాత్రమే వేయండి, వాటితో పాటే రాయి కూడా వేయండి. రాయి లేకుండా గుండ్లు తిప్పితే ప్రతి గుండు నేరుగా లైనర్ మీద పడుతుంది. ఐదు నిమిషాలే కదా అనే వారు ఉంటారు, ఒప్పుకోకండి. మొదటి షిఫ్టు అయ్యాక లైనర్ బోల్టులన్నీ మళ్ళీ బిగించండి, మరుసటి రోజు ఒకసారి, వారానికి ఇంకోసారి. బోల్టు పక్కనుంచి తడి చార కనిపించిందంటే అది వదులైందని అర్థం.

ఒక విషయం తప్పకుండా గుర్తుంచుకోండి. మిల్లు రెండు మూడు రోజులు ఆగిందంటే లోపలి రాయి, గుండ్లు కలిసి గట్టిపడతాయి. అప్పుడు ఇంచింగ్ డ్రైవుతో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, లోపల సరుకు జారుతోందని చప్పుడు విన్నాకే మోటారు వేయాలి. ఒక ప్లాంటులో నాలుగు రోజుల ఆపు తర్వాత తొందరపడి నేరుగా మోటారు వేశారు. లోపలి ముద్ద మొత్తం ఒకే గడ్డగా పై దాకా లేచి ఊడిపడింది. నేను క్యాంటీన్‌లో ఉన్నాను. బల్ల మీద టీ గ్లాసులు కదిలాయి. బేరింగు హౌసింగు నిలువునా పగిలింది. కొత్తది రావడానికి ఐదు నెలలు పట్టింది. మనుషులెవరికీ దెబ్బ తగలకపోవడం దేవుడి దయ.

ముహూర్తం గురించి. యజమానితో వాదించకండి, ముహూర్తం ఆయనకు ముఖ్యం, దాన్ని మనం గౌరవించాలి. మే 22న పూజ చేయించండి, కొబ్బరికాయ కొట్టించండి, ఆయన చేతుల మీదుగా ఒక లారీ రాయి క్రషర్‌లో వేయించండి. అది నలిగి బెల్టు మీద వెళ్ళి కుప్ప పడుతుంది. అందరూ చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. ఆ కుప్ప దగ్గరే ఆగండి. మిల్లులోకి మాత్రం మీరు సిద్ధమన్న రోజునే రాయి పోవాలి. ఈ పద్ధతి నేను మూడుచోట్ల చేయించాను, యజమానులు సంతోషంగానే ఒప్పుకున్నారు.

కరెంటు_వైపు | మే 4, మధ్యాహ్నం 1:40

పెద్దవారు మిల్లు వైపు చెప్పారు, నేను కరెంటు వైపు రెండు మూడు మాటలు చేరుస్తాను. ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో పదహారేళ్ళుగా ఉన్నాను.

మే 10న కరెంటు వస్తుందన్నారు. 9వ తేదీ సాయంత్రం అందర్నీ, వంటమనిషితో సహా, ఒకచోట నిలబెట్టి చెప్పండి: రేపటి నుంచి ఇక్కడ ప్రతి తీగలోనూ కరెంటు ఉన్నట్టే అనుకోవాలి. అప్పటిదాకా కేబుల్ ట్రేల మీద కూర్చుని అన్నం తిన్నవారే మరుసటి రోజూ అలవాటుగా అక్కడే కూర్చుంటారు. ఆ రోజు నుంచి ఏ యంత్రం మీద ఎవరు చేయి పెట్టినా వారి సొంత తాళం, వారి పేరున్న చీటీ స్విచ్చికి ఉండాలి. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు. ఎవరి తాళం వారే తీయాలి.

స్లర్రీ పంపుల గురించి నా ముందు జరిగినది చెబుతాను. చాలా స్లర్రీ పంపుల్లో ఇంపెల్లర్ షాఫ్టు మీద మరతో బిగించి ఉంటుంది. పంపు తిరగాల్సిన వైపు తిరిగితే అది ఇంకా బిగుస్తుంది. ఎదురు తిరిగితే విడిపోయి ముందుకు వచ్చి కేసింగును కొడుతుంది. అందుకే మొదట వీ-బెల్టులు తీసేసి, మోటారును ఒక్క క్షణం వేసి, ఎటు తిరుగుతోందో చూస్తాం. మేము చూశాం, సరిగ్గానే ఉంది, పుస్తకంలో రాశాం. రెండు రోజుల తర్వాత ఒక కేబుల్ దెబ్బతిన్నదని మార్చారు. మార్చినప్పుడు రెండు ఫేజులు తారుమారయ్యాయి. పుస్తకంలో సరిచూసినట్టు ఉంది కదా అని ఎవరూ మళ్ళీ చూడలేదు. స్విచ్చి నొక్కిన రెండో క్షణంలో ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు. కేసింగు, ఇంపెల్లర్, ముందు మూత అన్నీ పోయాయి. అప్పటి నుంచి నాది ఒకటే నియమం: టెర్మినల్ పెట్టె మూత ఏ కారణంతో తెరిచినా, ఆ మోటారు పరీక్ష చేయనట్టే లెక్క.

రెండోది, బెల్టుల పక్కన ఉండే పుల్ కార్డు తాడు. కంట్రోల్ రూములో కూర్చుని కంప్యూటర్‌లో సంకేతం వచ్చిందని సంతృప్తి పడకండి. బెల్టు నడుస్తుండగా మనిషి వెంట నడిచి ప్రతి స్విచ్చి దగ్గర తాడు లాగాలి, బెల్టు ఆగాలి. ఒకచోట మేము మూడో బెల్టు తాడు లాగితే రెండో బెల్టు ఆగింది. మూడోది నడుస్తూనే ఉంది. రాత్రివేళ ఎవరి చొక్కానో రోలర్‌లో చిక్కుకున్నప్పుడు అది బయటపడి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇంకొకటి, ముగ్గురాయికే సంబంధించినది. బెల్టు మీద రాయి కంటికి కొంచెమే కనిపిస్తుంది, బరువు మాత్రం ఎక్కువ. సున్నపురాయి అలవాటున్న ఆపరేటర్లు బెల్టు నిండలేదని ఫీడరు పెంచుతారు. మోటారు ఓవర్‌లోడుతో ఆగిపోతుంది, నిండు బెల్టును మళ్ళీ మొదలుపెట్టడం కష్టం. కంటి లెక్క వద్దు, ఆంపియర్ల లెక్క చూపించండి.

పొడిమిల్లు_నుంచి | మే 5, రాత్రి 9:15

అమ్మా, నేను ఇంజనీరును కాను. ఓబులవారిపల్లె పక్క పొడి మిల్లులో పదమూడేళ్ళు చేసి, తర్వాత కర్ణాటకలో ఒక స్లర్రీ ప్లాంటులో ఆపరేటరుగా చేరాను. మీ 14 మంది తరఫున రాస్తున్నాను.

మాకు యంత్రం చప్పుడు తెలుసు. రోలర్ మిల్లులో రాయి తగ్గిందా, ఎక్కువైందా అని చెవితోనే చెప్పేస్తాం. తెలియనిది నీళ్ళ సంగతి. పొడి మిల్లులో తేడా వస్తే ఆపేస్తాం, ఆపితే ప్రమాదం తప్పుతుంది. స్లర్రీలో ఆపడమే ప్రమాదం అని నాకు అర్థమవడానికి రెండు నెలలు పట్టింది. ముందు పైపు కడగాలి, తర్వాత ఆపాలి. అది మొదటి రోజే చెప్పి, చేతితో చేయించండి. కాగితాలు ఇచ్చి చదవమంటే మొహమాటానికి తల ఊపుతారు.

ఒక బకెట్ నీళ్ళలో మీ రాయి పొడి కలిపి వారి ముందు పెట్టండి. కలుపుతున్నంతసేపు పాలలా ఉంటుంది. చేయి తీయండి. వంద లెక్కపెట్టేలోపు అడుగున గట్టిపడుతుంది. అప్పుడు ఒక కర్ర గుచ్చమనండి. మా షిఫ్టు ఇన్‌ఛార్జి నాకు అలాగే చూపించారు. ఆ తర్వాత నాకు మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

కోడూరు_మెటలర్జీ | మే 14, రాత్రి 11:30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాత_మిల్లు సార్, ముహూర్తం సంగతి మీరు చెప్పినట్టే అడిగాను, యజమాని ఒప్పుకున్నారు. మిల్లు కొలతలు మీరు ఊహించినవే. బకెట్ పరీక్ష నిన్న చేయించాను. 18 మందీ వరుసగా వచ్చి కర్ర గుచ్చి చూశారు. కరెంటు_వైపు గారూ, పుల్ కార్డు స్విచ్చుల్లో రెండు పనిచేయలేదు, ఒకటి తుప్పు పట్టి ఉంది. మార్పించాను.

ఇప్పుడు కొత్త భయం. ల్యాబ్‌లో మా రాయిని పరీక్షించినప్పుడు సోడా యాష్, సోడియం సిలికేట్, ఒలీయిక్ ఆమ్లం వాడి మంచి ఫలితం చూపించారు. ఈరోజు ఆ నివేదిక మళ్ళీ చదువుతుంటే వారు వాడింది శుద్ధి చేసిన నీరని కనిపించింది. మా బోరు నీరు పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 640 మిల్లీగ్రాములు. దీని వల్ల ఎంత తేడా వస్తుంది?

పాత_మిల్లు | మే 15, ఉదయం 5:50

అమ్మా, ఈ నివేదికను ఇప్పుడే మళ్ళీ చదివారు కాబట్టి బతికిపోయారు. చాలా తేడా వస్తుంది.

మీ ఇంట్లో పెద్దవారిని అడగండి, బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదని, సబ్బు నురగ రాదని చెబుతారు. ఒలీయిక్ ఆమ్లం క్షారంలో కలిస్తే అయ్యేది సబ్బే. మీ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఆ సబ్బును పట్టుకుని తెట్టెగా విరిచేస్తాయి. రాయికి అంటుకోవాల్సిన మందు నీళ్ళకే ఖర్చయిపోతుంది. ఆపరేటరు నురుగు తేలడం లేదని మందు పెంచుతాడు. పెంచితే ముగ్గురాయితో పాటు పనికిరాని రాయి కూడా తేలుతుంది. సాంద్రత పడిపోతుంది. ఈ చక్రంలో పడి రెండు నెలలు మందు మార్చుతూ కూర్చున్న ప్లాంటు నాకు తెలుసు. చివరికి మార్చాల్సింది నీళ్ళను.

చేయాల్సింది ఇది. ల్యాబ్‌లో వాడే చిన్న ఫ్లోటేషన్ సెల్ ఒకటి ప్లాంటులోనే పెట్టుకోండి. మీ బోరు నీళ్ళతో, మీ రాయితో మళ్ళీ పరీక్షించండి. సోడా యాష్ ముందు నీళ్ళలో కలిపి, కాల్షియం విరిగి అడుగుకు చేరేదాకా ఆగి, ఆ తర్వాత మందు వేసి చూడండి. సోడా యాష్ ఖర్చు ల్యాబ్ చెప్పినదానికి కొన్ని రెట్లు పెరగవచ్చు, ఆ లెక్క యజమానికి ఇప్పుడే చెప్పండి. థిక్కెనర్ నుంచి వెనక్కి వచ్చే నీళ్ళను కూడా వారం వారం పరీక్షించండి. అందులో లవణాలు పేరుకుంటాయి, మిగిలిపోయిన మందు కూడా ఉంటుంది. మొదటి రోజు కుదిరిన మోతాదు ఇరవయ్యో రోజు కుదరదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. మీ సాంద్రత తూనిక, అదే లీటరు డబ్బా వేలాడదీసే గుండ్రటి తూనిక, దాని పళ్ళెం ఏ రాయికి గీసిందో చూశారా? చాలాచోట్ల 2.7 గీత మీదే చదువుతారు. లీటరు స్లర్రీ కిలోన్నర తూగితే 2.7 లెక్కన అందులో రాయి 53 శాతం. మీ రాయి 3.6 అయితే అసలు ఉన్నది 46 శాతమే. ఏడు శాతం తప్పుతో మిల్లుకు నీళ్ళు సర్దితే సైక్లోన్ ఒక్కరోజు కూడా కుదురుగా ఉండదు.

రెండోది, మొదటి రోజుల్లో ఫీడు తక్కువగా వేస్తారు, అది తప్పదు. ముగ్గురాయి మెత్తనిది, తక్కువ ఫీడులో మిల్లు దాన్ని పిండి చేసేస్తుంది. చమురు బావుల వారు అడిగే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణంలో 75 మైక్రాన్ల కంటే పెద్దది 3 శాతం దాటకూడదు అన్నది అందరికీ తెలుసు. 6 మైక్రాన్ల కంటే సన్ననిది 30 శాతం దాటకూడదన్న రెండో షరతు చాలామంది మరిచిపోతారు. పిండి ఎక్కువైతే ఫ్లోటేషన్ కూడా మొరాయిస్తుంది. అందుకే గుండ్లు మొదటే అన్నీ వేయొద్దన్నాను. ఫీడు పెరుగుతున్నకొద్దీ గుండ్లు పెంచండి. గంటకు పది టన్నుల దగ్గర వచ్చిన ఫలితం చూసి మందు మంచిదని, చెడ్డదని తీర్పు చెప్పకండి.

మీ యజమాని మొదటి నెలలోనే 25 టన్నులు అడుగుతారు. 1998లో టెర్రీ మెక్‌నల్టీ అనే అమెరికా మెటలర్జిస్టు చాలా ప్లాంట్ల ప్రారంభాలను పోల్చి నాలుగు వర్గాలుగా విడదీశారు. తెలిసిన పద్ధతితో, తగిన పరీక్షలు చేసుకుని దిగినవి ఏడాది దగ్గర్లో పూర్తి సామర్థ్యానికి చేరాయి. పరీక్షలు కుదించినవి, తమ రాయి గుణం సరిగ్గా తెలుసుకోనివి మూడేళ్ళయినా చేరలేదు. ఆ గీతల బొమ్మను అచ్చు తీయించి ఆయన గదిలో పెట్టండి. మంచి ప్లాంటుకు కూడా నెలలు పడతాయని ఆయనకు మీరు కాదు, ఆ బొమ్మ చెప్పాలి.

కోడూరు_మెటలర్జీ | జూన్ 13, సాయంత్రం 6:45

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. మొత్తం చెబుతాను.

మే 22న పూజ జరిగింది. యజమాని తల్లిగారు మొదటి రాయి వేశారు. క్రషర్ నడిచింది, కుప్ప పడింది, అందరూ సంతోషంగా భోంచేసి వెళ్ళారు. ఆ మధ్యాహ్నమే మేము మళ్ళీ నీళ్ళ పనికి దిగాం.

నీళ్ళతో మొత్తం 11 రోజులు నడిపాం. 48 గంటల లెక్క రెండుసార్లు తెగింది. మొదటిసారి 31వ గంటలో గ్లాండు నీళ్ళ పంపు ఆగింది. రెండోసారి 44వ గంటలో థిక్కెనర్ రేక్ (అడుగున పేరుకున్నదాన్ని లాగుతూ తిరిగే చేయి) లిమిట్ స్విచ్చి. ఆ 44వ గంటకు కాంట్రాక్టరు మనుషులు చాలా కోప్పడ్డారు. ఈ నీళ్ళ రోజుల్లో మూడు వాల్వులు తిరగబడి ఉన్నట్టు తెలిసింది. సెల్స్ నుంచి సరుకు పారే తొట్టికి వాలు చాలదని కూడా తెలిసింది. నీళ్ళు పారాయి గానీ, దోసెడు ముగ్గురాయి పొడి కలిపి వదిలితే సగం దూరంలోనే నిలిచిపోయింది. తొట్టిని విప్పి వాలు పెంచి మళ్ళీ బిగించారు. రాయి వేశాక ఇది బయటపడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది.

జూన్ 4న మిల్లులో రాయి వేశాం. గంటకు ఎనిమిది టన్నులు, గుండ్లు ఎనిమిది టన్నులు. మొదటి రాత్రి సెల్స్‌లో నురుగు నల్లగా పొంగింది. నేను నిలువునా నీరుగారిపోయాను. చేత్తో తీసి చూస్తే వేళ్ళకు మసి. మన రాయితో కలిసి వచ్చే నల్ల పలకరాయిలోని కార్బన్ అది, ఏ మందూ లేకుండానే తేలుతోంది. ల్యాబ్‌కు పంపిన నమూనాలో నల్లరాయిని ఏరేసి పంపారని ఇప్పుడు తెలిసింది. మొదటి రెండు సెల్స్‌ను కేవలం నురుగు మందుతో నడిపి, ఆ నలుపును ముందే తీసి పడేసి, ముగ్గురాయి మందును మూడో సెల్ దగ్గర వేయడం మొదలుపెట్టాం. సోడా యాష్ కూడా మీరన్నట్టే చాలా పెంచాల్సి వచ్చింది.

నాలుగో రోజు తెల్లవారుజామున మూడున్నరకు మా ఆపరేటర్లలో పెద్దవాడు వచ్చి నన్ను పిలిచాడు. ఇరవై రెండేళ్ళు పొడి మిల్లులో చేసిన మనిషి. నురుగు రంగు మారింది చూడమన్నాడు. వెళ్ళి చూస్తే బూడిద రంగు తేలిపోయి దాదాపు తెల్లగా, బరువుగా, అంచు మీద నుంచి నెమ్మదిగా జారుతోంది. ఒక గరిటెడు తీసుకుని ఆరబెట్టి, 80 గ్రాములు తూచి, కిరోసిన్ పోసిన లె షాటెలియర్ ఫ్లాస్కులో (సాంద్రత కొలిచే గీతల సీసా) కొంచెం కొంచెంగా వేశాం. బుడగలు పోయేదాకా ఫ్లాస్కును దొర్లించాం. కిరోసిన్ 19.4 మిల్లీలీటర్లు లేచింది. అంటే 4.12. నిన్నటి నమూనా 19.1. అంటే 4.19. లెక్క వేసింది ఆ పెద్దాయనే, నా ఫోను తీసుకుని రెండుసార్లు వేసి చూసుకున్నాడు.

ఇప్పుడు గంటకు 16 టన్నుల దగ్గర ఉన్నాం. గుండ్లు 18 టన్నులు. పినియన్ తేడా 5 డిగ్రీలు. 17 దాటిస్తే థిక్కెనర్‌లో పైనుంచి పారే నీరు మసకబారుతోంది, రేక్ టార్క్ (దాన్ని తిప్పడానికి పట్టే బలం) మాత్రం పెద్దగా పెరగడం లేదు. ఫ్లాక్యులెంట్ (సన్న పొడిని ముద్దకట్టించి దించే మందు) పెంచితే ఒక గంట బాగుంటుంది, మళ్ళీ అదే వరస. ఇది సోడియం సిలికేట్ వల్లనా, మిల్లు పిండి చేయడం వల్లనా?

పాత_మిల్లు | జూన్ 13, రాత్రి 8:10

అమ్మా, 4.19 చదివి చాలా సంతోషమేసింది. ఆ పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

థిక్కెనర్ విషయం. రేక్ టార్క్ పెరగడం లేదంటే ఆ సన్న పొడి అడుగుకు చేరడమే లేదు. సిలికేట్ రేణువులను విడివిడిగా ఉంచుతుంది, అది దాని పనే, అందువల్ల అనుమానం రెండింటి మీదా ఉంది. విడదీసి చూడండి. ఈ రాత్రి ఫీడు 15 దగ్గర స్థిరంగా పెట్టి, సిలికేట్ మోతాదును ఐదో వంతు తగ్గించి నాలుగు గంటలు నడపండి. ఇంకేదీ ముట్టుకోకండి. ప్రతి గంటకు థిక్కెనర్ ఫీడును గాజు కొలత గొట్టంలో లీటరు పట్టి, గీత ఎంత వేగంగా దిగుతోందో రాయండి. మార్పు లేకపోతే రేపు సిలికేట్ పాత మోతాదుకు తెచ్చి, సైక్లోన్ ఓవర్‌ఫ్లోలో 6 మైక్రాన్ల కింద ఎంత ఉందో పరీక్షకు పంపండి.

ఫ్లాక్యులెంట్ ఏ నీళ్ళతో కలుపుతున్నారు, బోరు నీళ్ళా, వెనక్కి వచ్చే నీళ్ళా? కలిపాక ఎంతసేపు నాననిస్తున్నారు? ఆ రెండూ రాయండి.

కోడూరు_మెటలర్జీ | జూన్ 13, రాత్రి 8:32

వెనక్కి వచ్చే నీళ్ళతోనే కలుపుతున్నాం సార్. ఇరవై నిమిషాలు నానబెడుతున్నాం.

పాత_మిల్లు | జూన్ 13, రాత్రి 8:40

ముందు అది మార్చండి. ఆ నీళ్ళలో మిగిలిన మందు, లవణాలు ఫ్లాక్యులెంట్ పొడిని సరిగ్గా విచ్చుకోనివ్వవు. మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా మెత్తని నీళ్ళతో, కనీసం గంట నాననిచ్చి వాడండి. సిలికేట్ పరీక్ష రేపటికి వాయిదా వేయండి. ఈ రాత్రి ఈ ఒక్క మార్పే చేసి, గొట్టంలో గీత దిగే వేగం పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి రాసి పెట్టండి. నేను ఐదింటికి లేస్తాను, చూస్తాను.